ఇష్టమైన సినిమా, నచ్చిన పుస్తకం: చేత్తో గ్రీటింగ్ కార్డు ఎలా చెయ్యాలి?

నీలిసిరా

అందరికీ నమస్కారం. ఈసారి నా వాళ్లకి కొన్న కార్డులు కాకుండా చేత్తో చేసినవే ఇవ్వాలని గట్టిగా అనుకున్నాను. ముగ్గురికి చెయ్యాలి. అమ్మకి పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలంటే ప్రాణం. నా స్నేహితురాలు ఒక డిటెక్టివ్ నవలల వరస చదువుతోంది, ఇంకా చివరి భాగాలు మిగిలాయి. మూడోది మా తమ్ముడికి. వాడికి ఒక సినిమా ఉంది, అందులో వానలో జరిగే సీను వచ్చిందంటే ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వడు.

నాకు బొమ్మలు పెద్దగా రావు. గీతలు తిన్నగా గీస్తాను, కత్తిరించడం వచ్చు, ఓపిక ఉంది. చూడగానే "ఇది ఫలానా సినిమా", "ఇది ఆ పుస్తకం" అని గుర్తుపట్టేలా కార్డు ఎలా చెయ్యాలి? పోస్టర్ చూసి దించడం తప్ప నాకు వేరే ఆలోచన రావడం లేదు. కాగితం, జిగురు సంగతులు కూడా చెప్తే మేలు.

రెండోఆట

నీలిసిరా గారూ, ముందు ఆ పోస్టర్‌ని పక్కన పెట్టేయండి. పోస్టర్ వేసేది సినిమా ఇంకా చూడని వాళ్లని పిలవడానికి. మీ అమ్మగారు ఎప్పుడో చూసేశారు. ఆవిడ మనసులో ఉండిపోయింది వేరే ఏదో ఉంటుంది. మేడ మెట్ల మీద పడిన దీపం వెలుగు కావచ్చు, ఎవరో మర్చిపోయి వెళ్లిన చేతికర్ర కావచ్చు, కిటికీ ఊచలు కావచ్చు. అదేంటో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే. కార్డు సంగతి చెప్పకుండా మామూలుగా అడిగి చూడండి, "ఆ సినిమా అనగానే నీకు ముందు ఏం గుర్తొస్తుంది?" అని. చాలామంది కథ చెప్పరు, ఒక వస్తువునో ఒక చోటునో చెప్తారు. మీ కార్డు అక్కడే దొరుకుతుంది.

నేనైతే హీరో మొహం జోలికి అస్సలు వెళ్లను. మొహంలో రవ్వంత తేడా వచ్చినా చూసేవాళ్ల కళ్లు ఆ తేడా దగ్గరే ఆగిపోతాయి. గొడుగు కొంచెం వంకరగా వచ్చినా అది గొడుగే. బొమ్మలు రాని వాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇంకోటి, రంగులు. ఆ సీను దగ్గర సినిమా ఆపి, కళ్లు సగం మూసి చూడండి. వివరాలన్నీ పోయి మూడు నాలుగు రంగుల ముద్దలు మిగులుతాయి. అవే రంగుల కాగితాలు తీసుకుంటే, వస్తువు ఎంత సాదాగా ఉన్నా సినిమా వాసన కార్డుకి వచ్చేస్తుంది. ఇష్టపడి చూసిన వాళ్లకి ఆ రంగుల కలయిక పేరు కంటే ముందు తెలుస్తుంది.

పాతపేజీ

సినిమా విషయంలో రెండోఆట గారి మాటే నా మాట. పుస్తకం దగ్గర మాత్రం లెక్క మారుతుంది. సినిమా అందరికీ ఒకే బొమ్మ చూపిస్తుంది. పుస్తకంలో నాయిక నా ఊహలో ఒకలా ఉంటుంది, మీ ఊహలో ఇంకోలా ఉంటుంది. మీరు గీసిన నాయికని చూసి మీ స్నేహితురాలు "ఈవిడ ఎవరు?" అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మనుషుల్ని వదిలేసి రచయిత అక్షరాలా చెప్పిన వాటిని పట్టుకోండి. కథలో వచ్చే ఉత్తరం, తాళంచెవి, ఇంటి నంబరు, ఒక ఊరి పటం. "పచ్చ తలుపు, దానికి ఇత్తడి పిడి" అని పుస్తకంలో ఉంటే అది చదివిన ప్రతివాళ్లకీ పచ్చ తలుపే.

కార్డునే పుస్తకంలా చెయ్యడం నాకు బాగా ఇష్టం. మామూలు కార్డుకి మధ్యలో ఒక మడత ఉంటుంది. దాని బదులు 6 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మడతలు పెడితే మధ్యలో చిన్న వెన్ను వస్తుంది. ఆ వెన్ను మీద నిలువుగా పుచ్చుకునేవాళ్ల పేరు రాయండి. లోపలి అట్టకి చిన్న జేబు అతికించి, లైబ్రరీ పుస్తకాల్లో ఉండే తేదీల చీటీ లాంటిది అందులో పెట్టండి. ఆ చీటీ గళ్లలో గడువు తేదీల బదులు మీ ఇద్దరికీ ముఖ్యమైన తేదీలు రాయొచ్చు. తేదీలన్నీ ఒకే పెన్నుతో రాయకండి. సిరా రంగు, రాత ఒత్తిడి మారుతూ ఉంటేనే నిజమైన చీటీలా అనిపిస్తుంది.

చిన్నకత్తెర

కాగితం గురించి నేను చెప్తాను. ఇక్కడ తేడా వస్తే ఎంత మంచి ఆలోచన అయినా కార్డులో నిలబడదు.

పై అట్టకి 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) కార్డ్ షీట్ వాడండి. 200 కంటే తక్కువైతే నిలబెట్టినప్పుడు వాలిపోతుంది. లోపల పైకి లేచే భాగాలకి 120 నుంచి 160 చాలు. మరీ మందమైతే కార్డు మూసినప్పుడు తిన్నగా పడుకోదు.

కొలతలు తేలికే. ఏ4 షీట్ 210 × 297 మిల్లీమీటర్లు. మధ్యకి మడిస్తే ఏ5 కార్డు. ఏ5 ముక్కని మడిస్తే ఏ6, అంటే 105 × 148. మొదటి కార్డుకి ఏ6 బాగా కుదురుతుంది, దానికి సరిపోయే సీ6 కవరు 114 × 162 ఉంటుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. చెక్కకి ఉన్నట్టే కాగితానికీ నార ఉంటుంది. షీట్‌ని రెండు అంచులు పట్టుకుని, మడవకుండా ఊరికే వంచి చూడండి. ముందు పొడుగ్గా, తర్వాత అడ్డంగా. ఒక వైపు సుళువుగా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. సుళువుగా వంగిన దిశలోనే మీ మడత గీత రావాలి. అడ్డంగా మడిస్తే నార విరిగి మడత అంచున తెల్లగా పగుళ్లు వస్తాయి. ముదురు రంగు అట్ట మీద అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నీలిసిరా

చిన్నకత్తెర గారూ, నా దగ్గరున్న నల్ల అట్టకి సరిగ్గా అలాగే పగుళ్లు వస్తున్నాయి. అంటే తిప్పి మడిస్తే సరిపోతుందా?

చిన్నకత్తెర

తిప్పడం ఒకటి, గాడి పెట్టడం ఇంకొకటి. రెండూ కావాలి. సిరా అయిపోయిన బాల్ పెన్ను, స్టీలు స్కేలు తీసుకోండి. అట్ట కింద మెత్తగా ఉండేలా నాలుగైదు కాగితాలు పరచండి. స్కేలు ఆనించి పెన్ను మొనతో రెండుసార్లు నొక్కి లాగండి. ఒక వైపు గాడి, వెనక వైపు సన్నని ఉబ్బు వస్తాయి. ఆ ఉబ్బు లోపలికి, గాడి బయటికి వచ్చేలా మడవండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, గాడి లోపలికే మడవాలని అనిపిస్తుంది కనుక. ఉబ్బు లోపల ఉంటే బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది, పగలదు. మడిచాక గోటితో రుద్దకండి, మెరుపు గీత పడుతుంది. పైన పల్చటి కాగితం వేసి చెంచా వెనక వైపుతో రుద్దండి.

తెరవెనక

ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, ఫ్రేము ఆకారం. సినిమా కార్డు అని చెప్పి చదరపు కిటికీ కత్తిరిస్తే అది సినిమాలా కనిపించదు. వెడల్పు తెర సినిమాల్లో ఎక్కువ వాటికి వెడల్పు, ఎత్తుకి సుమారు 2.35 రెట్లు. ఏ6 కార్డుని అడ్డంగా పెట్టి 14 సెంటీమీటర్ల కిటికీ తీస్తే ఎత్తు 6 సెంటీమీటర్లు. పైనా కిందా నల్ల అట్ట మిగులుతుంది కదా, హాల్లో లైట్లు ఆరినట్టు అక్కడే సగం మాయ జరిగిపోతుంది. మీ తమ్ముడి సినిమాకి ఇదే వాడండి.

అమ్మగారి పాత సినిమాలకి ఇది పనికిరాదు. అవి ఎక్కువగా 1.37 లెక్కలో, దాదాపు చదరానికి దగ్గరగా ఉంటాయి. 10 సెంటీమీటర్ల వెడల్పుకి 7.3 ఎత్తు. ఈ ఒక్క కొలత పాటిస్తే చాలు, ఏం బొమ్మ పెట్టినా పాత సినిమా కళ వస్తుంది.

బ్లాక్ అండ్ వైట్ అంటే నలుపు, తెలుపు రెండు కాగితాలు కాదు. మధ్యలో కనీసం రెండు బూడిద రంగులు ఉండాలి. తెలుపు కూడా మెరిసిపోయే తెలుపు వద్దు, కొంచెం మీగడ రంగు తీసుకోండి. లేత బూడిద వెనక, ముదురు ముందు వచ్చేలా పొరలు పేర్చండి. అన్నిటికంటే ముందు వరసలో నల్లటి కిటికీ చువ్వలో, కుర్చీ వీపో ఉంటే వెనకదంతా లోతుగా కనిపిస్తుంది. అప్పటి ఛాయాగ్రాహకులు రంగు లేకుండా వెలుగు నీడలతోనే లోతు చూపించారు. మన దగ్గర కాగితాలున్నాయి, పని అదే.

ఫిల్మ్ రీలు అంచు గీసేవాళ్లకి ఒక మాట. సినిమా రీల్లో ఫ్రేములు నిలువుగా, ఒకదాని కింద ఒకటి వస్తాయి. మామూలు 35 ఎంఎం రీల్లో ఒక్కో ఫ్రేముకి ఒక్కో వైపు నాలుగు చిల్లులు, వాటి మూలలు గుండ్రంగా ఉంటాయి. చాలా కార్డుల మీద ఫ్రేములు అడ్డంగా, చిల్లులు ఇష్టం వచ్చినన్ని కనిపిస్తాయి. సినిమాని ప్రేమించేవాళ్లకి ఇచ్చే కార్డులో ఈ చిన్న శ్రద్ధ ఉండాలని నా పట్టుదల.

గోరింటపువ్వు

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. సినిమాలోంచి మంచి స్టిల్ తీసి ప్రింట్ వేసి అతికిస్తే తప్పేముంది? అందరికీ ఇన్ని పొరలు కత్తిరించే తీరిక ఉండదు. మా పిన్నికి నేను అలాగే ఇచ్చాను, ఆవిడ దాన్ని ఇప్పటికీ అద్దం పక్కన పెట్టుకుంది.

రెండోఆట

తప్పేమీ లేదండీ. పిన్ని గారు అద్దం పక్కన పెట్టుకున్నారంటే ఆ కార్డు చేరాల్సిన చోటుకి చేరినట్టే. నా మాటల్లా ఒక్కటే, ప్రింట్ దగ్గరే ఆగకుండా మీ చెయ్యి కూడా ఎక్కడో ఒకచోట పడాలి. స్టిల్‌లో ఒక్క వస్తువుని కత్తిరించి ఫోమ్ టేప్ మీద కాస్త పైకి లేపండి. లేదా స్టిల్ అంతా బూడిద రంగులో ప్రింట్ తీసి, ఎర్ర పువ్వునో పసుపు దీపాన్నో మాత్రం రంగు పెన్సిల్‌తో దిద్దండి.

తెరవెనక

ప్రింట్ వేసేవాళ్లు సైజు చూసుకోండి. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌షాట్ 1920 × 1080 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 16.2 × 9.1 సెంటీమీటర్ల వరకే స్పష్టంగా వస్తుంది. ఏ6 కార్డుకి నిక్షేపంగా సరిపోతుంది, ఏ4కి సాగదీస్తే మసకబారుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే తడి జిగురు తగలనివ్వకండి, రంగు పాకుతుంది.

పాతపేజీ

స్టిల్స్ మాట వచ్చింది కాబట్టి కాపీరైట్ గురించి కూడా. ఇంట్లో వాళ్లకి ఒక కార్డు చేసి ఇవ్వడం వేరు, అవే బొమ్మలతో కార్డులు చేసి అమ్మడం వేరు. అమ్మకానికి పెట్టే ఆలోచన ఉంటే సినిమా స్టిల్, పాత్ర రూపం, టైటిల్ అక్షరాల తీరు వాడే ముందు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. పుస్తకాల్లో బొమ్మలకీ అంతే. చాలా దేశాల్లో రచయిత లేదా చిత్రకారుడు చనిపోయాక 50 నుంచి 70 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ఆ గడువు దాటినవి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఉదాహరణకి 1865లో వచ్చిన ఆలిస్ అద్భుతలోకం కథకి జాన్ టెన్నియల్ వేసిన బొమ్మలు. ఆయన 1914లో పోయారు. ఆ గీతలు చెక్క అచ్చుల కోసం వేసినవి కావడంతో చిన్న సైజులో ప్రింట్ తీసినా స్పష్టంగా నిలుస్తాయి.

మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పేది 1843 నాటిది. హెన్రీ కోల్ అనే ఆయన అడిగితే జాన్ కాల్‌కాట్ హార్స్లీ గీశారు. అందులో మూడు భాగాలు ఉంటాయి. మధ్యలో పెద్ద దృశ్యం, అటూ ఇటూ రెండు చిన్నవి. నవల కార్డుకి ఈ అమరిక బాగా పనికొస్తుంది. మధ్యలో కథలోని ప్రధానమైన చోటు, ఎడమ వైపు కథ మొదలైన చోటి వస్తువు, కుడి వైపు మనకి నచ్చిన చిన్న విషయం.

గోరింటపువ్వు

రెండోఆట గారూ, ఒక్క వస్తువుకే రంగు వెయ్యడం అనే ఆలోచన నాకు భలే నచ్చింది. పిన్నికి ఇంకోటి చేస్తాను.

నీలిసిరా గారి అమ్మగారి కార్డుకి ఒక ఆలోచన చెప్పనా? 1957 నాటి మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది కదా, తెరిచిన వాళ్లకి తమకి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. కార్డునే ఆ పెట్టెలా చెయ్యొచ్చు. పైన నగిషీ, ముందు వైపు రెండు తలుపులు మధ్యకి కలిసేలా. అమ్మగారు తలుపులు తెరిస్తే లోపల మీ అందరి ఫోటో. లేదంటే ఫోటో బదులు అద్దంలా మెరిసే కాగితం పెట్టి, అంచున "మాకు ప్రియమైనది" అని రాయండి. ఆవిడ మొహం ఆవిడకే కనిపిస్తుంది.

నీలిసిరా

గోరింటపువ్వు గారూ, ఇది చదవగానే ఒళ్లు పులకరించింది. అమ్మకి ఆ సినిమా అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఇదే చేస్తాను. తెరవెనక గారు చెప్పిన బూడిద రంగులు కూడా ఇందులో ఇమిడిపోతాయి.

ఇక తమ్ముడి వాన సీను. వాన ఎలా చూపించాలి? తెల్ల పెన్నుతో గీతలు పెడితే గడ్డిలా కనిపిస్తోంది.

చిన్నకత్తెర

వానకి టన్నెల్ కార్డు చెయ్యండి. కొంచెం ఓపిక కావాలి, అది మీకుందని మీరే చెప్పారు కదా. మూడు పొరలు ఒకదాని వెనక ఒకటి నిలబడి, ముందు కిటికీలోంచి లోపలికి చూసేలా ఉంటుంది. మూస్తే చదునుగా పడుకుంటుంది.

ముందు పొర: నల్ల అట్ట, తెరవెనక గారు చెప్పిన 2.35 లెక్కలోనే కిటికీ, కాకపోతే పక్కల పట్టీలకి చోటు మిగలాలి కాబట్టి 14 × 6 బదులు 11.5 × 4.9. మధ్య పొర: ఇక్కడ మీ వస్తువు, అంటే గొడుగో, వీధి దీపం స్తంభమో, ఆగిన సైకిలో. వెనక పొర: ముదురు నీలం, దూరంగా ఇళ్ల వరస.

పక్కలకి రెండు పట్టీలు కావాలి. 160 జీఎస్ఎం కాగితాన్ని 1.5 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున అటూ ఇటూ మడిచి విసనకర్ర పట్టీలా చెయ్యండి. ఐదు గళ్లు రావాలి. మొదటి గడికి ముందు పొర, మూడో గడికి మధ్య పొర, ఐదో గడికి వెనక పొర అతికించాలి. రెండు, నాలుగు గళ్లు ఖాళీ, అవే పొరల మధ్య ఎడం. రెండో పక్క కూడా ఇంతే. రెండు పట్టీల మడతలూ ఒకే కొలతలో లేకపోతే కార్డు ఒక పక్కకి ఒరుగుతుంది, కాబట్టి రెండింటినీ కలిపి ఒకేసారి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు వాన. పెన్ను వద్దు. ఓహెచ్‌పీ షీట్ లాంటి పారదర్శక షీట్ తీసుకుని సూదితో గీకండి. గీతలన్నీ ఒకే వైపు కొద్దిగా వాలి ఉండాలి. పైనుంచి కింది దాకా ఒకే గీత లాగొద్దు. ఒకటి అర అంగుళం, పక్కది దానిలో సగం, మధ్యలో ఖాళీ వదిలి మళ్లీ ఇంకోటి. గడ్డిలా కనిపించడానికి కారణం గీతలన్నీ కింద ఒకే వరసలో ఆగడం. అక్కడక్కడా గాల్లోనే ఆగిపోనివ్వండి. ఈ షీట్‌ని మధ్య పొర వెనక వైపున అంటించండి. ఎదురుగా చూస్తే గీతలు సరిగా కనిపించవు. కార్డు కొంచెం తిప్పగానే సూది గాట్లలో వెలుగు పట్టి ఒక్కసారిగా వాన పడుతుంది. మీ తమ్ముడు కార్డుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాడు చూడండి.

వెనక పొరలో ఇళ్ల కిటికీలు చిన్నవిగా కోసి, వెనక నుంచి పసుపు పూసిన బటర్ పేపర్ అంటిస్తే, దీపం ముందు పెట్టినప్పుడు కిటికీలు వెలుగుతాయి.

తెరవెనక

చిన్నకత్తెర అక్కా, ఆ సూది గాట్ల వాన అద్భుతం. షూటింగుల్లో కూడా వానని వెనక నుంచి లైటు వేసి చూపిస్తారు, ముందు నుంచి వేస్తే చినుకులు కనపడవు. మీ కార్డులోనూ అదే జరుగుతోంది.

మడతపేచీ

పాప్-అప్ చెయ్యాలనుకునే వాళ్లకి ఒక లెక్క చెప్పి వెళ్తాను. కార్డుని అడ్డంగా మడిచి, మడత మీదుగా రెండు సమాంతర గాట్లు పెట్టి మధ్య భాగాన్ని లోపలికి తోస్తే చిన్న మెట్టు లేస్తుంది. దాని ముందు మీ వస్తువు అతికిస్తే కార్డు తెరవగానే నిలబడుతుంది. మెట్టు ఎత్తు, లోతు కలిపిన కొలత ఒక పలక (మడతకి ఒక వైపున్న సగం కార్డు) లోతుని దాటకూడదు. పలక 105 మిల్లీమీటర్లయితే ఎత్తు 50, లోతు 30 పెట్టండి. మూసినప్పుడు 80 దగ్గర ఆగుతుంది. అతికించిన వస్తువు మెట్టు కంటే పొడుగ్గా ఉంటే ఆ ఎక్కువ పొడుగు కూడా లెక్కలో కలపండి. లేకపోతే మూసిన కార్డులోంచి గొడుగు కొస బయటికి తొంగి చూస్తుంది.

అక్షరమాలిక

ఇంత మంచి చర్చలో అక్షరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. సినిమా కార్డు అనగానే అందరూ ఇంగ్లీషు అక్షరాల స్టెన్సిళ్లు వెతుకుతారు, నాకు బాధగా ఉంటుంది. తెలుగు అక్షరాలు కత్తిరిస్తే ఎంత అందంగా ఉంటాయో ఒకసారి చేసి చూడండి.

కాకపోతే కొన్ని మెళకువలు కావాలి. అట్టలో అక్షరం ఆకారం కోసి తీసేసేటప్పుడు సున్న, ర, ఠ లాంటి వాటిలో మధ్య భాగం ఊడి పడిపోతుంది. కొయ్యకుండా 2 మిల్లీమీటర్ల వంతెనలు రెండు వదలండి, ఒకటి పైన, ఒకటి కింద. అన్ని అక్షరాల్లోనూ వంతెనలు ఒకే కోణంలో ఉంటే అవే ఒక అలంకారంలా కనిపిస్తాయి. అదే అక్షరాన్ని కత్తిరించి అతికించే పద్ధతిలో అయితే సమస్య ఒత్తులది. ఒత్తు విడిగా ఊడి వస్తుంది, పోగొట్టుకోకుండా చిన్న కవర్లో వేసుకోండి. వరసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకి వదిలినంత వదిలితే చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. అక్షరం ఎత్తులో సగమన్నా ఖాళీ ఉంచండి.

మన అక్షరాలన్నీ గుండ్రం కదా, కట్టర్‌ని తిప్పకండి. కట్టర్ పట్టిన చెయ్యి కదలకుండా ఉంచి, రెండో చేత్తో కాగితాన్ని తిప్పండి. వంపు నునుపుగా వస్తుంది. బ్లేడు కొస మొద్దుబారితే వెంటనే మార్చండి, మొద్దు బ్లేడు కాగితాన్ని కొయ్యదు, చింపుతుంది.

సినిమా టైటిల్‌ని యథాతథంగా దించే బదులు పుచ్చుకునేవాళ్ల పేరుని ఆ టైటిల్ తరహాలో రాస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. వాళ్ల పేరు మీదే సినిమా వచ్చినట్టు అనిపిస్తుంది.

నీలిసిరా

అక్షరమాలిక గారూ, తమ్ముడి పేరు తప్పకుండా అలాగే రాస్తాను. ఇక డిటెక్టివ్ నవలల స్నేహితురాలు మిగిలింది. తను చివరి భాగాలు చదవలేదు, నేను చదివేశాను. కార్డులో ఏం పెడితే రహస్యం బయటపడుతుందో అని భయంగా ఉంది. భూతద్దం పెడదామంటే ప్రతి డిటెక్టివ్ కార్డు మీదా అదే ఉంటుంది.

పాతపేజీ

మొదటి భాగంలో మొదటి రెండు మూడు అధ్యాయాల్లో వచ్చే వస్తువులే తీసుకోండి. అవి తనకి తెలుసు, అపరాధి ఎవరన్నది వాటిలో బయటపడదు. తను ఇంకా చేరని భాగంలో ఒక వస్తువుకి కొత్త అర్థం వస్తుందని మీకు తెలిస్తే దాన్ని ముట్టుకోవద్దు. మామూలుగా పెట్టినా, తను చదువుతున్నప్పుడు "ఇది కార్డులో ఎందుకు ఉంది?" అని అనుమానం వచ్చేస్తుంది. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ల బుర్ర అలాగే పనిచేస్తుంది.

భూతద్దం వదిలేసి సాక్ష్యాల కవరు చెయ్యండి. కార్డు లోపల గోధుమ రంగు జేబు, అందులో చిరిగిన టిక్కెట్టు ముక్క, మడత పెట్టిన చీటీ, వేలిముద్ర వేసిన కాగితం. ఆ వేలిముద్ర మీ సొంతదే వెయ్యండి.

ఇక శుభాకాంక్ష. దాన్ని తెలుగులో నేరుగా రాయకుండా పుస్తకపు సంకేతంలో రాస్తే? తన దగ్గరున్న నవల తీసుకుని మీకు కావలసిన మాటలు అందులో వెతకండి. ఒక్కో మాటకీ పేజీ, వరస, ఆ వరసలో ఎన్నో మాట, ఈ మూడు అంకెలు రాయండి. 47-12-3 అంటే 47వ పేజీ, 12వ వరస, 3వ మాట. కార్డు మీద అంకెలు మాత్రమే ఉంటాయి. తను పుస్తకం తెరిచి ఒక్కో మాటా ఏరుకుంటే మీ సందేశం బయటికి వస్తుంది. మాటలన్నీ మొదటి భాగంలోంచే తీసుకోండి, అది తను ఎలాగూ చదివేసింది.

గోరింటపువ్వు

పాతపేజీ గారూ, నాకు ఇలాంటి కార్డు ఎవరైనా ఇస్తే ఆ రోజు ఇంకే పనీ చెయ్యను.

మడతపేచీ

లోపలి కాగితం మీద తెల్ల జిగురు రాస్తే అలలు అలలుగా ముడతలు వస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు, నీలిసిరా గారు మొదట్లో జిగురు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. అందులో నీళ్లు ఉంటాయి. పల్చటి కాగితం ఆ నీళ్లు పీల్చి సాగుతుంది, ఆరేటప్పుడు అన్ని చోట్లా ఒకేలా తగ్గదు. పెద్ద ముక్కలకి గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేప్ గానీ వాడండి. తెల్ల జిగురు బలం కావలసిన చోట మాత్రమే, అంటే విసనకర్ర పట్టీ గళ్లకి, పాప్-అప్ అంచులకి. టూత్‌పిక్‌తో పల్చగా రాసి, బరువైన పుస్తకం కింద కొన్ని గంటలు ఉంచండి. పారదర్శక షీట్‌కి మాత్రం టేపే నయం, తెల్ల జిగురు దానికి సరిగా పట్టదు.

అక్షరమాలిక

లోపల రాసే మాటల గురించి కూడా ఒక మాట. డైలాగు రాస్తే సినిమా మళ్లీ చూసి అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఇష్టంగా చూసిన వాళ్లు ఒక్క మాట మారినా పట్టేస్తారు. అయితే డైలాగుతోనే సరిపెట్టకండి. దాని కింద ఒక్క వాక్యమైనా మీ సొంతది ఉండాలి. "ఈ సీను వచ్చినప్పుడల్లా నువ్వు టీవీ సౌండ్ పెంచుతావు, ఆ చప్పుడుకి నేను పుస్తకం మూసేసి వచ్చి నీ పక్కన కూర్చుంటాను" లాంటిది. అప్పుడే ఆ కార్డు మీ తమ్ముడిది ఒక్కడిదే అవుతుంది.

రాసే సిరా నీటికి చెదరనిది, వెలుగుకి తొందరగా వెలవనిది చూసుకోండి. పిగ్మెంట్ సిరా పెన్నులు అయితే ఏళ్ల తరబడి ఉంటాయి. మామూలు స్కెచ్ పెన్నుల రంగు కిటికీ పక్కన పెడితే త్వరగా వెలిసిపోతుంది.

నీలిసిరా

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నేను ఖాయం చేసుకున్నవి ఇవి. అమ్మకి రెండు తలుపుల ప్రియదర్శిని, నాలుగు బూడిద రంగుల్లో, లోపల మెరిసే కాగితం. తమ్ముడికి టన్నెల్ కార్డు, సూది గాట్ల వాన, పైన వాడి పేరు తెలుగు అక్షరాల్లో. స్నేహితురాలికి సాక్ష్యాల కవరు, అంకెల సందేశం. ముందు మామూలు కాగితంతో నమూనాలు చేసుకుని తర్వాత అట్ట కోస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. టన్నెల్ కార్డు పోస్టులో పంపాలి. మామూలు సీ6 కవరులో పడుతుందా?

చిన్నకత్తెర

పొడవు వెడల్పులు పడతాయి, మందంతోనే చిక్కు. పొరలు, పట్టీలు, షీట్ అన్నీ కలిసి మూసినప్పుడు 3, 4 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలు కవరులో కుక్కితే అంచులు నలుగుతాయి. పక్కలకి 5 మిల్లీమీటర్ల గోడ ఉండేలా మీరే కవరు చేసుకోండి. పాతపేజీ గారు పుస్తకం వెన్నుకి చెప్పిన రెండు మడతల పద్ధతే ఇక్కడ నాలుగు వైపులా. వాన షీట్ ముందు ఒక బటర్ పేపర్ ముక్క పెడితే దారిలో గీతలు పడవు. తీసి చూడమని దాని మీదే రాయండి.

పాతపేజీ

నీలిసిరా గారూ, అంకెలు రాసే ముందు మీ స్నేహితురాలి దగ్గరున్న ప్రతి, మీ దగ్గరున్నది ఒకే ముద్రణేనా అని చూసుకోండి. ముద్రణ మారితే పేజీలు మారతాయి, 47వ పేజీలో మీ మాట ఉండదు. తన పుస్తకమే ఏదో వంకతో ఒక రోజు అరువు తెచ్చుకుంటే అన్నిటికంటే మంచిది.